నా పళ్ళ సెట్టు, చిన్నూ దవడపన్ను

బుజ్జీ, చిన్నూ,

నా పళ్ళ సెట్టు గురించి మీరు అడిగినవన్నీ ఫోన్లో చెబితే సగమే అవుతుంది, అందుకే రాస్తున్నాను.

ఇది ఊడిపోయిన పళ్ళ చోట మాత్రమే పెట్టుకునే సెట్టు. గులాబీరంగు భాగం అక్రిలిక్. పక్కనున్న సన్నటి లోహపు కొక్కేలు నా సొంత పళ్ళను పట్టుకుని దాన్ని కదలకుండా ఉంచుతాయి. అసలు భయం ఆ పళ్ళ గురించే. కొక్కెం చుట్టూ మెతుకులు ఇరుక్కుంటాయి, పాచి పడుతుంది. పాచిలోని క్రిములు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి, పన్ను పుచ్చుతుంది. ఆ పన్ను కాస్తా పోతే సెట్టుకు ఇక పట్టేదీ? అందుకే ఉన్న పళ్ళను రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటాను.

సెట్టుకు మాత్రం పేస్టు పెట్టను. పేస్టు గరుకుకి అక్రిలిక్ మీద సన్నటి గీతలు పడతాయి, క్రిములు వాటిలో చేరతాయి. చేతులు కడిగే సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. జారిపడితే విరక్కుండా సింకులో తువ్వాలు పరిచి కడుగుతాను. తిన్న ప్రతిసారీ తీసి నీళ్ళతో కడగాలి. మరిగే నీళ్ళు పోస్తే బాగా శుభ్రమవుతుందని మీ తాతయ్య అంటారు గానీ, వేడికి అక్రిలిక్ వంగిపోతుంది.

రాత్రి తీసేది చిగుళ్ళకు, అంగిలికి విశ్రాంతి కోసం. సెట్టుతోనే పడుకుంటే దాని కింద క్యాండిడా అనే శిలీంధ్రం పెరిగి అంగిలి ఎర్రగా కందిపోవచ్చు. ఆరిపోతే అక్రిలిక్ ఆకారం మారుతుంది కాబట్టి నీళ్ళలో ఉంచుతాను. పక్కనున్న పొంగే మాత్రలు సెట్టు నానబెట్టడానికే, మీరు ముట్టుకోకండమ్మా.

చిన్నూ, నీకు ఆరేళ్ళు నిండాయి. పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. పైనా కిందా, రెండు పక్కలా కలిపి నాలుగు. ఇవీ పాలపళ్ళే కదా అని చాలా ఇళ్ళలో ఈ దవడపళ్ళను పట్టించుకోరు. కానీ ఈ దవడపళ్ళు పోతే మళ్ళీ రావు! వచ్చే కొత్తలో పొట్టిగా ఉంటాయి, బ్రష్ వాటిదాకా అందదు. బ్రష్‌ను బుగ్గవైపు నుంచి అడ్డంగా పెట్టి తోమాలి. బుజ్జీ, అద్దం ముందు నిలబెట్టి తమ్ముడికి నువ్వే చూపించు.

నా సెట్టు కొక్కెం వదులైంది. ఇంట్లో నొక్కి సరిచేస్తే విరుగుతుంది, డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. అమ్మకు వీలైన రోజు చెప్పమనండి, చిన్నూ పళ్ళు కూడా అప్పుడే చూపిద్దాం. ఆ దవడపన్ను నమిలే వైపున్న సన్నటి గాడుల్లో, పుచ్చకుండా కాపాడే సీలెంట్ పూత వెయ్యాలో లేదో అడుగుదాం.

మీ అమ్మమ్మ