గుమ్మంలో చెంచాడు ఉచ్చ

కుక్కపిల్ల గుమ్మంలో ఉచ్చ పోసిందంటే ముందు చూడాల్సింది నేలమీది మడుగు. చెంచాడో రెండు చెంచాలో ఉంటే ఒక సంగతి, అరగ్లాసు ఉంటే ఇంకో సంగతి. ఆ చెంచాడు చాలాసార్లు జబ్బూ కాదు, పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. అది పలకరింపు.

విశాఖలో, సీతమ్మధారలోనో మధురవాడలోనో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే నాలుగు నెలల పిల్ల చెవులు వెనక్కి వాల్చి, తోక కడుపు కిందికి లాక్కుని, పక్కచూపులు చూస్తూ పాకుతున్నట్టు వస్తుంది. మీరు వంగగానే వెల్లకిలా పడి నాలుగు చుక్కలు విడుస్తుంది. ఎదురు ఫ్లాటులో పిల్లదీ అదే వయసు, కానీ అది గెంతుతూ, నడుం దాకా ఊగిపోతూ, తాను పోస్తున్న సంగతి తనకే తెలియకుండా చెప్పుల స్టాండు దాకా చిలకరిస్తుంది. మొదటిది లొంగుబాటు ఉచ్చ, రెండోది సంబరపు ఉచ్చ. చాలా పిల్లల్లో రెండూ కలగలిసి ఉంటాయి. అయినా భంగిమ చూసి ఏది ఎక్కువో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి భయం తగ్గించాలి, ఇంకోదానికి ఊపు తగ్గించాలి.

మూత్రాశయం నిండడానికీ ఖాళీ కావడానికీ వేరు వేరు నరాలున్నాయి. నడుము దగ్గర నుంచి వచ్చే హైపోగాస్ట్రిక్ నరం ఆ మూత్రపు సంచి గోడను వదులుగా, దాని మెడను బిగుతుగా ఉంచుతుంది. తుంటి దగ్గర నుంచి వచ్చే పెల్విక్ నరం సంచిని పిండుతుంది. ప్యూడెండల్ అనే మూడో నరం బయటి కండరాన్ని కావాలన్నప్పుడు బిగించి పెడుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం రాకుండా చూసే కేంద్రం మెదడు కాండంలో ఉంటుంది. 1925లో బారింగ్టన్ అనే పరిశోధకుడు పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో ఆ చోటు తెలిసింది. ఆ కేంద్రానికి 'ఇప్పుడు కాదు, ఆగు' అని చెప్పాల్సింది పైన ఉన్న పెద్ద మెదడు. కుక్కపిల్లల్లో ఆ ఆజ్ఞా పచ్చిదే, అమలు చేయాల్సిన కండరమూ పచ్చిదే. గట్టి ఉద్వేగం రాగానే పట్టు జారిపోతుంది.

లొంగుబాటుకు ఇంకా పాత మూలం ఉంది. పుట్టిన మొదటి మూడు వారాలు కుక్కపిల్ల తనంతట తాను ఉచ్చ పోయలేదు. తల్లి దాన్ని వెల్లకిలా దొర్లించి, కింద నాకితేనే పోస్తుంది. అంటే తనకంటే పెద్ద ప్రాణి మీదికి వంగినప్పుడు కదలకుండా పడుకుని ఉచ్చ వదలడం దానికి వచ్చిన మొదటి మర్యాద. తోడేళ్ళనూ కుక్కలనూ గమనించిన రుడాల్ఫ్ షెంకెల్ 1967లో ఈ భంగిమను వివరించాడు: పెద్దయ్యాక కూడా బలమైనదాని ముందు అవి ఆ పసితనపు పద్ధతికే తిరిగి వెళ్తాయి. 'నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు' అని దాని అర్థం.

ఇప్పుడు మనవాళ్ళు చేసేది చూడండి. గొంతు పెంచుతాం, చెయ్యెత్తుతాం, కొందరైతే దాని మూతిని ఆ తడిలో రుద్దుతారు. అది 'నేను చిన్నదాన్ని' అన్నందుకు మనం ఇంకా పెద్దవాళ్ళమై చూపిస్తాం. అప్పుడు దానికి తెలిసిన దారి ఒక్కటే, అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పడం. తిట్టిన ఇంట్లో మడుగు పెరగడానికి ఇదే కారణం. 'అయ్యో నా బంగారం' అని మీదికి వంగి బుజ్జగించినా లాభం లేదు, వంగడమే దానికి కష్టం కాబట్టి.

లొంగే పిల్లను పలకరించే తీరు ఇలా మార్చాలి. తలుపు తీసి, దానివైపు చూడకుండా, మాట్లాడకుండా, చెప్పులు విడిచి సంచీ పెట్టి నేరుగా బాల్కనీకో కిందికో నడవండి. వెంట వస్తుంది. బయట ఉచ్చ పోయనివ్వండి. పోసిన రెండు మూడు సెకన్లలోపు చిన్న తిండి ముక్క ఇవ్వండి. మూత్రాశయం ఖాళీ అయ్యాకే అసలు పలకరింపు. అప్పుడు కూడా ఎదురుగా నిలబడొద్దు. పక్కకు తిరిగి గొంతుక్కూర్చుని, అరచెయ్యి కింద పెట్టి, అది దగ్గరికొస్తే గదవ కిందో ఛాతీ మీదో నిమరాలి. నెత్తి మీద నుంచి చెయ్యి తేవడం, మెడ పట్టుకోవడం, కళ్ళలోకి చూడటం, ఒక్కసారిగా ఎత్తుకోవడం, ఈ నాలుగూ మానేస్తే చాలా ఇళ్ళలో కొద్ది వారాల్లోనే తేడా కనిపిస్తుంది. నిమిరేటప్పుడు మళ్ళీ చెవులు వాల్చి నడుం దించితే చెయ్యి తీసేసి రెండడుగులు పక్కకు జరగండి. మడుగు పడటానికి ముందు వచ్చే హెచ్చరిక అది.

సంబరపు పిల్లకు మౌనమే మందు. గెంతినంతసేపు మీరు గోడలా నిలబడాలి. నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే మాట, అదీ చప్పటి గొంతుతో. గుప్పెడు పెడిగ్రీ గింజలు (కుక్కల పొడి తిండి) నేల మీద వెదజల్లితే ఇంకా నయం. ముక్కు పనిలో పడ్డ కుక్కకు ఎగరడం గుర్తుండదు. ఆటలకు ముందు ఉచ్చకు తీసుకెళ్ళండి, మధ్యలో కూడా ఒకసారి ఆపండి. తాళ్ళు లాగే ఆట ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు.

అసలు చిక్కు చుట్టాలతో. అనకాపల్లి నుంచి వచ్చిన మావయ్య గుమ్మంలోనే 'ఏటే బుజ్జీ, ఎలాగున్నావ్!' అంటూ రెండు చేతులూ చాస్తాడు. పిల్లను ముందే లీష్ వేసి లోపలి గదిలో ఉంచి, 'మావయ్యా, ఓ పది నిమిషాలు దాన్ని చూడకు, కాఫీ తాగాక అదే నీ దగ్గరికొస్తుంది' అని చెప్పాలి. మొహమాటపడి చెప్పకపోతే తడిసేది ఆయన పంచే.

ఎంతసేపు ఆపుకోగలదు అన్నదానికి ఒక లెక్కుంది: నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు, అదీ గరిష్ఠంగా, నిద్రలో. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. మెలకువగా ఆడుతుంటే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆటయ్యాక బయటికి తీసుకెళ్ళడం ఈ లెక్కకంటే ముఖ్యం.

ఉచ్చ తగ్గుతుందని నీళ్ళ గిన్నె తీసేసేవాళ్ళున్నారు. ఇది ప్రమాదం. విశాఖలో వైశాఖమాసపు ఉక్కలో కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు; రొప్పడమే దాని చల్లబరుచుకునే యంత్రం, దానికి నీళ్ళే ఇంధనం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ యంత్రం సగమే పనిచేస్తుంది. గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉండాలి, కానీ ఎంత తాగుతోందో కొలవండి. లీటరు సీసాతో గిన్నె నింపుతూ ఇరవైనాలుగు గంటల్లో ఎంత పోశారో, ఎంత మిగిలిందో రాసుకోవాలి. పెద్ద కుక్కకు కిలో బరువుకు రోజుకు 50-60 మిల్లీలీటర్లు మామూలు. పెరిగే పిల్లలు కాస్త ఎక్కువ తాగుతాయి, గింజలు తినేవి పెరుగన్నం తినేవాటికంటే ఎక్కువ తాగుతాయి. కిలోకు 100 దాటి, వరసగా రెండు మూడు రోజులు అలాగే ఉంటే, అంటే ఐదు కిలోల పిల్ల అర లీటరు దాటి తాగుతుంటే, అది పలకరింపు సంగతి కాదు. కిడ్నీలు, హార్మోన్లు చూపించుకోవాల్సిన విషయం.

పలకరింపుకు సంబంధం లేకుండా పడే ప్రతి తడినీ అనుమానించాలి. మనుషులెవరూ రాకపోయినా గంటకు నాలుగైదు సార్లు కూర్చుని ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, వాసన మారితే, రక్తం కనిపిస్తే మూత్రనాళాల ఇన్ఫెక్షన్ కావచ్చు. పడుకున్న గోనెపట్టా తడిసి ఉంటే, నడుస్తుంటే కారుతుంటే, తొడల దగ్గర బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటే పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉండొచ్చు: కిడ్నీ నుంచి వచ్చే గొట్టం సంచిలోకి కాకుండా దాన్ని దాటి కింద తెరుచుకోవడం. ఇది ఆడ కుక్కపిల్లల్లోనే ఎక్కువ, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీలలో తరచు చూస్తారు. ఎంత శిక్షణ ఇచ్చినా ఆగదు, శస్త్రచికిత్సతో చాలావరకు బాగవుతుంది. మొదటిసారి ఎదకు రాని ఆడ కుక్కపిల్లల్లో అక్కడ జిగురుగా కొంచెం స్రావం కనిపించడం మాత్రం చాలాసార్లు దానంతటదే పోతుంది. ఒకసారి చూపిస్తే చాలు.

ఉచ్చ కాఫీ రంగులో ఉంటే తెల్లారేదాకా ఆగకండి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి. గోమారు కుట్టడం వల్ల వచ్చే బబీసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి ఆ రంగు తెస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి. వానాకాలంలో మురుగునీళ్ళు నిలిచే వీధుల్లో ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరా అనే క్రిమి ఇంకో భయం. అది కుక్క ఉచ్చ నుంచి మనుషులకూ అంటుతుంది కాబట్టి జ్వరంతో, కామెర్లతో ఉన్న కుక్క తడిని చేతికి తొడుగు లేకుండా తుడవొద్దు.

డాక్టరు ఉచ్చ శాంపిల్ అడిగితే నేల మీది మడుగును సిరంజితో లాగి తీసుకెళ్తారు చాలామంది. దానితో ఉపయోగం లేదు. పొద్దున్న మొదటి ఉచ్చకు తీసుకెళ్ళి, కూర్చోగానే కాదు, ధార మొదలయ్యాక పొడవు కాడ గరిటె కింద పెట్టండి. గరిటెను వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి ఉండాలి. ఐదు నుంచి పది మిల్లీలీటర్లు చాలు. మందుల షాపులో దొరికే మూత గట్టి డబ్బాలో పోసి గంటలోపు ఇవ్వాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండకు స్కూటర్ డిక్కీలో ఉంటే క్రిములు పెరుగుతాయి, రిపోర్టు తప్పుతుంది. క్రిమి కల్చర్ కావాలంటే డాక్టరే పొట్ట మీద నుంచి సూదితో తీస్తారు. చూడ్డానికి భయమేస్తుంది గానీ సరైన పద్ధతి అదే.

టీకాలకూ ఈ మడుగుకూ ఒక సంబంధం ఉంది, చాలామంది గమనించరు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున టీకాలు పడాలి. అప్పటిదాకా పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయంతో పిల్లను గదిలోనే మూసి పెడతారు. కానీ మనుషుల్నీ చప్పుళ్ళనీ మామూలుగా తీసుకోవడం కుక్క నేర్చుకునేది సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకానే. ఆ కాలం గడిచాక బయటపడ్డ పిల్లకు ప్రతి కొత్త మనిషీ భయమే, ప్రతి పలకరింపూ మడుగే. మధ్యేమార్గం ఉంది: వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకుండా, చేతుల్లోనో బుట్టలోనో పెట్టుకుని సాయంత్రం ఆర్కే బీచ్ రోడ్డు మీద పావుగంట తిప్పండి. హెల్మెట్లు, గొడుగులు, మరమరాల బండి, పిల్లల అరుపులు దూరం నుంచి చూడనివ్వండి.

దీపావళి టపాసులకూ, బీచ్‌లో నేవీ విన్యాసాలప్పుడు నెత్తిమీద దూసుకెళ్ళే విమానాల మోతకూ మంచం కింద దూరి పోసేది వేరు. అది హడలు, సంచి మొత్తం ఖాళీ అవుతుంది. అప్పుడు కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి పక్కన కూర్చోవడమే.

ఇక తుడవడం. గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా ఉంటే కొన్నాళ్ళు తీసేయండి, పీల్చుకునేదాని మీద పోయడం కుక్కలకు ఇష్టం. ముందు పాత గుడ్డతో అద్ది పీల్చాలి. రుద్దితే టైల్స్ మధ్య గీతల్లోకి దిగుతుంది. తర్వాత ఎంజైమ్ ఉన్న క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా వదిలేయాలి. ఫినాయిల్ మనకు వాసన కప్పుతుంది గానీ కుక్క ముక్కును మోసం చెయ్యదు, పైగా ఆ తడి మీద నడిచి పాదాలు నాకితే పిల్లకు చెడ్డది. అమ్మోనియా ఉన్నవైతే ఉచ్చ వాసననే గుర్తుచేస్తాయి. బ్లీచింగ్ పౌడరు ఉచ్చ మీద చల్లితే ఘాటైన విషవాయువు వస్తుంది. తుడిచేటప్పుడు పిల్లను వేరే గదిలో ఉంచండి, గొణుక్కోవాలనిపిస్తే అక్కడ గొణుక్కోవచ్చు.

చాలా పిల్లలు ఏడాది తిరిగేసరికి దీన్ని దాటేస్తాయి. దాటకపోతే, మానేసిన కుక్క మళ్ళీ మొదలుపెడితే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్క నిద్రలో తడుపుతుంటే గరిటె కడిగి ఆరబెట్టి, మర్నాడు పొద్దున్నే శాంపిల్ పట్టండి.