నల్ల గోటిలో క్విక్ ఎక్కడిదాకా ఉంటుంది?

కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉండే పాఠకురాలొకరు తమ ల్యాబ్రడార్ గోళ్లు పూర్తిగా నల్లగా ఉన్నాయనీ, ఎంతవరకు కత్తిరించాలో తెలియక భయమేస్తోందనీ రాశారు. ఆ భయంలో న్యాయముంది. తెల్ల గోటిలో క్విక్ అనే లోపలి గులాబీ భాగం పైకే కనిపిస్తుంది. నల్ల గోటిలో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం దాన్ని కప్పేస్తుంది.

మన గోరు వేలి పైభాగాన చదునుగా పరుచుకుంటుంది. కుక్క గోరు అలా కాదు, వేలి చివరి ఎముకను ఒరలాగా చుట్టి పెరుగుతుంది. ఆ ఒర కెరాటిన్ అనే నిర్జీవమైన గట్టి పదార్థం కనుక కోసినా నొప్పి ఉండదు. దాని లోపల ఎముకను అంటిపెట్టుకుని, రక్తనాళాలూ నరాలూ నిండిన మెత్తటి కణజాలం ఉంటుంది; పశువైద్యులు క్విక్ అనేది దీన్నే. కత్తి మొన ఒర కొసదాకా చేరనట్టే క్విక్ కూడా గోటి కొసదాకా రాదు, మనం తీయవలసింది ఆ మిగులు కొసనే. అయితే ఈ ఒర పొడవు పెరిగినకొద్దీ లోపలి కత్తీ దానితోపాటు సాగుతుంది. అందుకే చాలాకాలం వదిలేసిన గోటిని ఒక్కసారిగా పొట్టి చేయబోతే రక్తం వస్తుంది. వారానికోసారి కొద్దికొద్దిగా తీస్తూ పోతే క్విక్ క్రమంగా వెనక్కి తగ్గుతుంది.

నల్ల గోటికి ఆధారం కోసిన ముఖమే. ఒక్కో మిల్లీమీటరు చొప్పున తీస్తూ, ప్రతిసారీ కోసిన చోటు చూడాలి. మొదట అది పొడిగా, తెల్లగా ఉంటుంది; తర్వాత నడిమధ్య ముదురు రంగు చుక్క ఒకటి తేలుతుంది. అక్కడ ఆగిపోవాలి.

దీపాలు పెట్టాక గోళ్లు తీయకూడదన్న పెద్దల మాటను ఈ పనికి నేను అక్షరాలా పాటించమంటాను, ఎందుకంటే బాల్కనీలో పగటి వెలుగుకు కనిపించినంత స్పష్టంగా ఆ చుక్క ట్యూబ్‌లైటు కింద కనిపించదు. మంగళ, శుక్రవారాల పట్టింపుకు మాత్రం కుక్క గోటితో ఏ సంబంధమూ లేదు.

మనుషుల నెయిల్ కట్టర్ గుండ్రటి గోటిని నలిపి చీలుస్తుంది కనుక కుక్కల క్లిప్పరే వాడాలి. ముందుకాళ్ల లోపలివైపు, కాస్త పైన ఉండే గోరును మరవకూడదు. అది నేలను తాకదు, అరగదు, వదిలేస్తే వంపు తిరిగి చర్మంలోకి దిగుతుంది.

పొరపాటున క్విక్ తెగితే, రక్తాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్ గానీ అది లేనప్పుడు కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది, శుభ్రమైన గుడ్డతో 5 నిమిషాలు కదపకుండా నొక్కి పట్టాలి. మధ్యలో తీసి చూస్తే గడ్డకడుతున్న రక్తం ఊడి మళ్లీ కారుతుంది. అప్పటికీ ఆగకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.