సీడీ పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం: అపోహలు – వాస్తవాలు

విజయవాడ గవర్నరుపేటలో పాత సీడీలు, క్యాసెట్లలోని ధ్వనిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. వచ్చినవారిలో చాలామంది మనసులో ఇవే అపోహలు.

అపోహ: ఎంపీ3లాగే ఫ్లాక్ (FLAC, పాటలు దాచే ఒక రకం ఫైలు) కూడా సైజును కుదించేదే కాబట్టి నాణ్యత ఎంతో కొంత పోతుంది.

వాస్తవం: ఏమీ పోదు. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్ల చొప్పున కొలిచి రాసి ఉంటారు. గంట సీడీ దాదాపు 600 ఎంబీ. ఫ్లాక్‌లో అది సుమారు సగానికో, మూడింట రెండు వంతులకో తగ్గుతుంది. విప్పితే మాత్రం ప్రతి బిట్టూ యథాతథంగా తిరిగొస్తుంది.

అపోహ: ఎంపీ3ని మళ్లీ ఫ్లాక్‌గా మారిస్తే పోయిన నాణ్యత వస్తుంది.

వాస్తవం: రాదు, ఫైలు లావెక్కుతుందంతే. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన తన తండ్రిగారి హరికథ సీడీ తెచ్చారు. వింటే చిడతలు నీళ్లలో మోగుతున్నట్టున్నాయి. ధ్వని చిత్రం (ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే బొమ్మ) తీసి చూస్తే 16 కిలోహెర్ట్జ్ పైన కత్తితో కోసినట్టు ఖాళీ. ఎవరో తక్కువ బిట్‌రేటు (సెకను ధ్వనికి వాడే బిట్ల సంఖ్య) ఉన్న ఎంపీ3 నుంచి ఆ సీడీ తయారుచేశారు. "అసలు క్యాసెట్ ఉందేమో ఇంట్లో వెతకండి" అన్నాను. వారం తరువాత అటక మీద దొరికింది. దాని నుంచి నేరుగా ఫ్లాక్‌లోకి ఎక్కించాం. ఈసారి ఒక్కో చిడత దెబ్బ విడివిడిగా పలికింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ మొదటి నుంచి మళ్లీ పెట్టించుకున్నారు.

అపోహ: ఎంపీ3 వినడానికే పనికిరాదు.

వాస్తవం: ఆ మాట అన్యాయం. సీడీ నుంచి సరిగా చేసిన 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3ని బందరు రోడ్డు మీద కారులోనే కాదు, నిశ్శబ్దమైన గదిలోనూ చాలామంది అసలు సీడీ నుంచి వేరుగా గుర్తుపట్టలేరు. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఎవరినైనా వినిపించమనండి, మీకే తెలుస్తుంది. అయితే ఎంపీ3ని రేపు నాణ్యత తగ్గించే మరో ఫార్మాట్‌లోకి మార్చిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. అందుకే దాచుకోవడానికి ఫ్లాక్, ఫోనులోకి దాని నుంచి తీసిన ఎంపీ3 అని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: సీడీ మీద గీతలు కింది వైపు పడితేనే ప్రమాదం.

వాస్తవం: బొమ్మ ఉన్న వైపు గీతే ఎక్కువ ప్రమాదకరం. సమాచారం ఉన్న పొర ఆ రంగు కిందే ఉంటుంది. కింది వైపు దాదాపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపాడుతుంది. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి.