సందు లేని పట్టా ఎండకు ఎటు పెరుగుతుంది?

గుంటూరు నుంచి పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “ఎండాకాలంలో వ్యాకోచించడానికి వీలుగా రైలు పట్టాల మధ్య సందు వదులుతారని మా సార్ చెప్పారు. మంగళగిరి స్టేషనులో ఎంత వెతికినా ఆ సందు కనిపించలేదు. ఎందుకని?”

ఇలా వెళ్లి చూసి, చూసినదాన్ని పాఠంతో పోల్చుకునే పిల్లలంటే నాకు ఎంతో గౌరవం. తరగతి గదిలో చెప్పే ఆ సమాధానం ఒకప్పటి పట్టాలకు సరిపోయేది. 13 మీటర్ల ముక్కలను ఫిష్‌ప్లేట్లనే ఉక్కు పలకలతో, బోల్టులతో కలిపిన రోజుల్లో సందు ఉండేది. చక్రం దాని మీదుగా వెళ్లినప్పుడల్లా టకటకమని మోగేది. ఇప్పుడు భిలాయ్ ఉక్కు కర్మాగారం నుంచి 130 మీటర్ల పట్టాలు, వాటిని జతచేసిన 260 మీటర్ల పట్టాలు వస్తున్నాయి. దారిలో పరిచాక వాటిని కూడా ఒకదానితో ఒకటి వెల్డింగ్ చేస్తారు. ప్రధాన మార్గాల్లో కిలోమీటర్ల తరబడి ఎక్కడా అతుకు కనిపించని ఒకే పట్టా ఉంటుంది.

అయితే బెజవాడ ఎండలో ఆ పట్టా ఎటు పెరుగుతుంది?

ఎటూ పెరగదు. పెరగనివ్వరు. నాకు ఇంజనీరింగ్ మొత్తంలో ఇంతకంటే ధైర్యమైన ఆలోచన మరొకటి కనిపించదు. అడ్డూ ఆపూ లేకుండా వదిలేస్తే కిలోమీటరు పొడవున్న పట్టా వేడి 30 డిగ్రీలు పెరిగితే సుమారు 34 సెంటీమీటర్లు సాగుతుంది. కానీ ప్రతి 60 సెంటీమీటర్లకు ఒక కాంక్రీటు స్లీపర్ దాన్ని క్లిప్పులతో బిగించి పట్టుకుంటుంది. ఒక్కో స్లీపర్ బరువు పావు టన్నుకు పైనే. ఆ స్లీపర్లను కంకర పట్టుకుంటుంది. సాగవలసిన ఉక్కు సాగలేక, ఆ సాగుదలంతా లోపలి ఒత్తిడిగా మారుతుంది.

ఇక్కడ విద్యార్థులు తప్పకుండా ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. స్వేచ్ఛగా ఉన్న పట్టా ఎంత పొడవైతే అంత ఎక్కువ సాగుతుంది. బిగించిన పట్టాలో పుట్టే బలానికి మాత్రం పొడవుతో సంబంధమే లేదు. ఉక్కు స్థితిస్థాపక గుణకం, వ్యాకోచ గుణకం (ఒక్క డిగ్రీకి ఉక్కు తన పొడవులో ఎంత వంతు సాగుతుందో చెప్పే సంఖ్య), పట్టా అడ్డుకోత వైశాల్యం, ఉష్ణోగ్రతలో తేడా, ఈ నాలుగింటినీ గుణిస్తే బలం వస్తుంది. ఈ లెక్కలో పొడవు ఎక్కడా లేదు. అందుకే కిలోమీటరు పట్టాలో ఎంత బలమో వంద కిలోమీటర్ల పట్టాలోనూ అంతే. కదలిక ఉండేది రెండు చివర్ల దగ్గర కొన్ని పదుల మీటర్లలోనే. అక్కడ ఏటవాలుగా చెక్కిన రెండు పట్టాలు ఒకదాని పక్కగా ఒకటి జారేలా అమర్చిన ప్రత్యేకమైన జాయింట్లు ఉంటాయి. ఆ అమ్మాయి వెతికిన సందు ఇప్పుడు అలాంటి చోట్లకు చేరింది.

మన ప్రధాన మార్గాల్లో వేసే, మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో ఒక్క డిగ్రీ తేడాకు పుట్టే బలం సుమారు 1.9 టన్నులు. తేడా అంటే దేనికీ దేనికీ మధ్య? పట్టాలో లాగుడూ నెట్టుడూ రెండూ లేని ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దాన్ని తటస్థ ఉష్ణోగ్రత అందాం. పట్టాను బిగించేటప్పుడు ఇంజనీర్లు దీన్ని లెక్కగట్టి, అవసరమైతే హైడ్రాలిక్ యంత్రాలతో పట్టాను సాగదీసి మరీ స్థిరపరుస్తారు. అది 40 డిగ్రీలు అనుకుందాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి మధ్యాహ్నం గాలి వేడి 44 ఉంటే, ఎండను నేరుగా తాగే పట్టా 60 దాటుతుంది. 62 అనుకుంటే తేడా 22 డిగ్రీలు. ఒక్కో పట్టాలో 42 టన్నుల నెట్టుడు, రెండింటిలో కలిపి 84 టన్నులు. రైలు లేదు, చప్పుడు లేదు, పట్టా తిన్నగానే ఉంది. బలం మాత్రం లోపల ఉంది.

ఆ బలం ఎప్పుడు బయటపడుతుందో తెలియాలంటే కొబ్బరి చీపురు నుంచి ఒక పుల్ల తీసుకోండి. రెండు కొసలనూ వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. కాసేపు తిన్నగానే ఉండి, ఉన్నట్టుండి పక్కకు వంగుతుంది. 1744లో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ గణితంలో పట్టుకున్నది ఈ క్షణాన్నే. ఇప్పుడు అదే పుల్లను పళ్లెంలో తడి ఇసుక పోసి అందులో పాతి, కొసలు నొక్కండి. అంత తేలిగ్గా వంగదు, ఎందుకంటే ఇసుక పక్కల నుంచి ఆపుతోంది. పట్టాల కింద కంకర చేసే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి. ఇప్పుడు కొద్దిగా వంకర ఉన్న పుల్లను పాతండి. తక్కువ బలానికే లొంగుతుంది. పట్టాలో కొన్ని మిల్లీమీటర్ల వంకర ఉన్నా అదే జరుగుతుంది. తర్వాత పుల్లకు ఒక పక్కన ఇసుకను వేలితో గుల్ల చేయండి. పుల్ల అటువైపే పోతుంది. చివరిగా, పుల్ల తిన్నగా ఉండేంత వరకే నొక్కి పట్టుకుని, పళ్లేన్ని మరొకరితో కొద్దిగా కదిలించమనండి. బలం పెంచకపోయినా పుల్ల ఎగిరి వంగుతుంది. రైలు చేసేది ఈ చివరి పని. చక్రాల కింద పట్టా అణిగితే, వాటికి కొంచెం ముందూ వెనకా అది కాస్త పైకి లేస్తుంది. అలా లేచినచోట స్లీపర్ మీద బరువు తగ్గి, కంకర పట్టు సడలుతుంది. పట్టా చాలాసార్లు రైలు కిందనే వంకరపోవడానికి ఇదొక కారణం.

ఆండ్రూ కిష్, గోపాల్ సామవేదం అనే పరిశోధకులు అమెరికాలో ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేశారు. వారి సిద్ధాంతంలో పట్టా వంకరపోవడానికి హద్దుగా ఉండే ఉష్ణోగ్రత ఒకటి కాదు, రెండు ఉంటాయి. పై హద్దు చేరితే ఎవరూ తాకకపోయినా పట్టా వంకరపోతుంది. కింది హద్దుకు దిగువన ఎంత కదిపినా పోదు. రెండింటి మధ్యన ఉంటే, బయటి నుంచి కొంత శక్తి అందితే చాలు, తిన్నని స్థితి నుంచి వంకర స్థితికి ఒక్క ఉదుటున దూకుతుంది. కింది హద్దు దగ్గర ఆ శక్తి ఎక్కువ కావాలి, పై హద్దు దగ్గరకు వచ్చేసరికి అది సున్నా అవుతుంది. కంకర బలహీనమైతే ఈ రెండు హద్దులూ దగ్గరకు వచ్చి కలిసిపోతాయి. అప్పుడు పట్టా దూకదు, కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది.

కంకరను సరిచేయడానికి ట్యాంపింగ్ యంత్రం దాన్ని కుదిపి స్లీపర్ల కిందకు కూరుతుంది. పట్టా ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి కానీ, పక్కల పట్టు అప్పటికి దాదాపు సగం వరకు పోవచ్చు. రైళ్లు తిరిగేకొద్దీ, లేదా ఆ పనికే ఉన్న మరో యంత్రం తొక్కితే, అది మళ్లీ వస్తుంది. అందుకే పట్టా వేడి తటస్థ ఉష్ణోగ్రతకు 10 డిగ్రీలు పైన ఉంటే మామూలు మరమ్మతులు చేయకూడదని మన రైల్వే నియమం. ఆ తేడా 20 డిగ్రీలు దాటితే ఎండలో పట్టాల వెంట గస్తీ నడవాలి. ఆ నడిచే కీమ్యాన్, గ్యాంగ్‌మ్యాన్ల శ్రమను ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు, చెప్పాలి. గుంటూరు వైపు నల్లరేగడి వేసవిలో బీటలు వారి, వానల్లో ఉబ్బి, బురదగా కంకరలోకి ఎక్కుతుంది. వారికి అది అదనపు పని.

ఒకే మలుపులో పట్టా రెండుసార్లు వంకరపోతే “ఆ చోటు మంచిది కాదు” అనే మాట పుడుతుంది. చోటుకు కారణం ఉంటుంది, దోషం ఉండదు. రైళ్లు బ్రేకు వేసే చోట పట్టా ముందుకు పాకుతుంది. అలా పాకిన ఉక్కు బ్రిడ్జి ముందో, పట్టాలు చీలే పాయింట్ల ముందో, లెవెల్ క్రాసింగు దగ్గరో పోగుపడుతుంది. ఉక్కు పోగుపడిందంటే అక్కడ తటస్థ ఉష్ణోగ్రత పడిపోయినట్టే.   

తటస్థ ఉష్ణోగ్రత పడిపోవడానికి మరో దారి మరమ్మతు. చలికాలపు రాత్రి పట్టా లాగుడుకు లోనై విరుగుతుంది. రైళ్లు ఆగకూడదు గనుక సిబ్బంది అప్పటికప్పుడు ముక్క వేసి వెల్డింగ్ చేస్తారు. తీసేసిన పొడవు కంటే ఒక్క సెంటీమీటరు ఉక్కు ఎక్కువ పడిందనుకుందాం. అది వంద మీటర్ల మేర సర్దుకుంటే పదివేలలో ఒక వంతు. దాన్ని వ్యాకోచ గుణకం 0.0000115తో భాగిస్తే 8.7 డిగ్రీలు. మన 40 కాస్తా 31 అయింది. ఏప్రిల్, మే నెలల్లో అదే 62 డిగ్రీల పట్టాలో రెండు పట్టాల నెట్టుడు 84 నుంచి సుమారు 118 టన్నులకు చేరుతుంది. ఇది దాదాపు ఒక రైలు ఇంజను బరువంత: వ్యాప్-7 అనే ఎలక్ట్రిక్ ఇంజను బరువు 123 టన్నులు. చలికాలంలో వేసిన ముక్కను ఎండలు రాకముందే మళ్లీ సరిచేయాలని ఇంజనీర్లు పట్టుబట్టేది అందుకే. బ్రిటన్‌లో కీలకమైన చోట్ల పట్టాల పక్కలకు తెల్ల రంగు వేస్తారు. దానితో పట్టా వేడి 5 నుంచి 10 డిగ్రీలు తగ్గుతుంది.

ఇంత కీలకమైన ఆ తటస్థ ఉష్ణోగ్రత కంటికి కనపడదు. థర్మామీటరు పట్టా ఎంత వేడెక్కిందో చెబుతుంది గానీ, అందులో ఎంత నెట్టుడు ఉందో చెప్పదు. ఖచ్చితంగా తెలియాలంటే పట్టాను కోసి ఎంత జరిగిందో చూడాలి. కోయకుండా చేసే ఒక పద్ధతి వెర్స్ అనే బ్రిటన్ పరికరానిది. 30 మీటర్ల మేర క్లిప్పులు తీసి, పట్టాను పైకెత్తి, ఎత్తడానికి ఎంత బలం పట్టిందో కొలుస్తారు. పట్టాలో లాగుడు ఎక్కువైతే ఎత్తడానికి బలం ఎక్కువ కావాలి. కానీ నెట్టుడులో ఉన్న పట్టాకు ఇది పనికిరాదు, క్లిప్పులు తీస్తే ప్రమాదం కూడా. అంటే మన దగ్గర ప్రశ్న ముదిరే మండువేసవి మధ్యాహ్నం ఈ కొలత తీయలేము. శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లాంజా ది స్కాలియా బృందం పట్టా వెంట అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, ఒత్తిడి వాటిని ఎలా మారుస్తుందో పరిశీలించింది. ఇందులో చిక్కు ఏమిటంటే, పట్టాను కర్మాగారంలో రోలర్ల మధ్య తిన్నగా చేసేటప్పుడే కొంత ఒత్తిడి లోపల మిగిలిపోతుంది. చక్రాల అరుగుదల, ఆనాటి వేడి కూడా తరంగాన్ని కదిలిస్తాయి. పట్టాను కోయకుండా, క్లిప్పు తీయకుండా, ఎండవేళ ఆ కలగాపులగం సంకేతంలోంచి ఒత్తిడిని మాత్రమే వేరుచేసి కొలిచే పరికరం కావాలి.