‘ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?’ అనే ప్రశ్న వెనక

చిన్నతనంలో ఇంట్లోనో, బళ్లోనో, హాస్టల్లోనో హింస అనుభవించి బయటపడ్డ మనిషి పెద్దయ్యాక ఆ సంగతులన్నీ పుస్తకంగా రాస్తే, చదివినవాళ్ల మాటలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నల్లగొండలో నలుగురు టీచర్లు కూర్చున్న చోట విన్నా, మహబూబ్‌నగర్‌లో పుస్తకావిష్కరణ అయ్యాక చాయ్ తాగుతున్నప్పుడు విన్నా పెద్ద తేడా కనిపించదు. కొందరు కళ్లు తుడుచుకుంటారు. కొందరు ‘పాపం’ అని పుస్తకం పక్కన పెడతారు. ‘మేమూ దెబ్బలు తిన్నోళ్లమే, బాగుపడలేదా?’ అనే పెద్దాయన ఒకరుంటారు. ఇంకొకరు రచయిత ఊరేదో, వాడకట్టు ఏదో కూపీ లాగి, పుస్తకంలో పేరు మార్చిన మేనమామ ఎవరో తేల్చే పనిలో పడతారు. ఎవరో ఒకరు మాత్రం తప్పకుండా అడుగుతారు: ‘గింత జరిగితే ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?’

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి దురుద్దేశం ఉండదు. నిజంగానే అర్థం కాక అడుగుతారు. అయితే దీనికి జవాబు ఆ ఒక్క పుస్తకంలో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం ఈ ప్రాంత చరిత్రలో ఉంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పిల్లల మీద జరిగిన అన్యాయాల్లో చాలా వాటికి రహస్యమే లేదు. ఊరందరికీ తెలిసే జరిగాయి. అందరికీ తెలిసినదాన్ని ఒక పిల్ల కొత్తగా ఎవరికి చెప్పాలి?

గడీల, అంటే దొరల కోటల్లాంటి ఇండ్ల, కాలం నుంచి చూద్దాం. నిజాం రాజ్యంలో దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే చీరెసారెలతో పాటు ఆడబాపను, అంటే దాసిని, కూడా వెంట పంపేవారు. ఆ ఆడబాప చాలాసార్లు ఇంకా చిన్నపిల్లే. పగలంతా ఇంటి చాకిరి, ఆపైన ఆ ఇంటి మగవాళ్ల ఇష్టం. ఆమెకు పుట్టిన పిల్లలూ ఆ గడీలోనే పనికి కుదిరేవారు. వెట్టి చేసే ఇండ్ల పిల్లలు అక్షరం ముఖం చూడకుండానే పశువుల కాడికి పోయేవారు. 1940లలో సాయుధ పోరాటం నల్లగొండలో అంతగా రగలడానికి భూమి, శిస్తుల గొడవలతో పాటు ఈ అవమానాలూ కారణమే. కానీ పోరాట చరిత్ర రాసేటప్పుడు ఎకరాల లెక్కలు, అమరుల పేర్లు, గడీల మీద దాడులు ఎక్కినంత వివరంగా ఆడబాప బాల్యం అందులోకి ఎక్కలేదు.

బాల్యవివాహాల సంగతీ ఇంతే. బ్రిటిష్ ఇండియాలో చిన్నపిల్లల పెళ్లిళ్లను అరికట్టే శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. ఆ మరుసటి ఏడాదే దేవరకొండలో నిజాం రాజ్యపు తెలుగువాళ్ల సంస్థ అయిన ఆంధ్ర మహాసభ రెండో సభ జరిగింది, దాంతో పాటు మహిళా సభ కూడా. ఆ రోజుల సభల్లో చిన్నపిల్లల పెళ్లిళ్లు వద్దని గట్టిగానే మాట్లాడేవారు. మాట్లాడినవాళ్లు చదువుకున్న పెద్దలు. పన్నెండేళ్లకే కాపురానికి పోయిన పిల్ల లేచి తన సంగతి చెప్పే చోటు మాత్రం అప్పటికి లేదు.

ఆ చోటు రావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి పోయి, వాళ్ల మాటలు రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. నల్లగొండ జిల్లా ఆడవాళ్ల గొంతులూ అందులో ఉన్నాయి. అది పిల్లల మీద హింస గురించిన పుస్తకం కాదు. కానీ ఒక ఆడమనిషి తన గురించి తాను గుర్తు చేసుకుని చెప్పే మాటకు కూడా చరిత్రంత విలువ ఉంటుందని తెలుగు పాఠకులకు అలవాటు చేసింది అదే. ఇవాళ ఇలాంటి ఆత్మకథను నమ్మి చదివేవాళ్లు మన దగ్గర ఉన్నారంటే, అందులో బయటి దేశాల పుస్తకాల కన్నా ఆ పుస్తకం పాత్రే ఎక్కువని నా లెక్క.

ఇక జోగిని ఆచారం. పాలమూరు పడమటి అంచున నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు, కర్ణాటక సరిహద్దు పొడవునా ఇది బలంగా పాతుకుపోయింది. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనో, మగపిల్లాడు లేడనో, ఐదారేళ్ల ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచేవారు. దాదాపు అందరూ మాదిగ, మాల ఇండ్ల పిల్లలే. దేవుని పేరు మీద తాళి కట్టేవారు. ఈడేరిన తర్వాత ఆ పిల్ల మీద ఊళ్లో పలుకుబడి ఉన్న మగవాళ్లకు హక్కు ఉన్నట్టే లెక్క. ఇదంతా చాటుగా జరిగిన నేరం కాదని గుర్తుంచుకోవాలి. డప్పులు మోగేవి, కల్లు పోసేవారు, చుట్టాలు వచ్చేవారు. ఊరంతా భోజనానికి వచ్చిన కార్యం మీద ఆ పిల్ల పోయి ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 20వ శతాబ్దం మొదటి భాగంలోనే ఈ ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు. 1980లలో నిజామాబాద్ వైపు సంఘ సంస్కర్తలైన హేమలతా లవణం, లవణం దంపతులు జోగినుల మధ్య పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో జోగినులతో సహా దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన విడవడం ఆగలేదు. మక్తల్, ఊట్కూరు ప్రాంతాల్లో ఆ బతుకు బతికిన ఆడవాళ్లే సంఘాలు కట్టి, ఫలానా ఊళ్లో పిల్లను విడుస్తున్నారని తెలిస్తే పోయి అడ్డుపడటం మొదలయ్యాక పరిస్థితి కదిలింది. వాళ్లు సభల్లో మైకు ముందు నిలబడి తమ చిన్నతనం చెప్పుకున్నారు. అచ్చు కాలేదన్న మాటే గానీ, అవీ ఆత్మకథలే. వాళ్ల పిల్లల్ని బళ్లో చేర్పించబోతే తండ్రి పేరు గడిలో ఏం రాయాలన్న దగ్గరే సగం కథ బయటపడేది. వినేవాళ్లలో ‘నువ్వెట్ల ఒప్పుకున్నవ్?’ అన్నవాళ్లూ లేకపోలేదు. ఐదేళ్ల పిల్ల ఒప్పుకోవడం ఏమిటో ఆ అడిగేవాళ్లకు తట్టేది కాదు. ఇవాళ పుస్తకం చదివి ‘ఎందుకు చెప్పలేదు’ అనే ప్రశ్నకు ఇది అక్కలాంటి ప్రశ్న. రెండూ బరువును పిల్ల మీదికే తోస్తాయి.

దెబ్బల విషయంలో కథ వేరు. ఇక్కడ సిగ్గు తక్కువ, గర్వం ఎక్కువ. కోదండం, గోడకుర్చీ, తొడపాశం గురించి మన పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పుకుంటారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత ఉండనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో బడుల్లో కొట్టడాన్ని 2002లో ప్రభుత్వ ఉత్తర్వుతో నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. అంటే ఇవాళ నలభై దాటిన పాఠకులంతా బెత్తం చట్టబద్ధంగా ఉన్న బళ్లలోనే చదివారు. తల్లి వాత పెట్టిందనో, తండ్రి బెల్టుతో కొట్టాడనో ఒకరు రాస్తే ‘ఇదీ ఒక కథేనా’ అని తేలిక చేసేది ఎక్కువగా ఈ వయసువాళ్లే. వాళ్లది కఠిన హృదయం అనుకోను. దాన్ని హింస అని ఒప్పుకుంటే తమ నాయన గురించీ, తమకిష్టమైన సారు గురించీ, చివరికి తాము పిల్లల మీద ఎత్తిన చేయి గురించీ మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. దానికన్నా పుస్తకాన్ని తేలిక చేయడం సులువు.

పాలమూరుకు మరో ప్రత్యేక పరిస్థితి వలస. గుంపు మేస్త్రీల వెంట ముంబై, పుణె దాకా, దేశంలో డ్యాములు కట్టే ప్రతి చోటికీ పోయిన తల్లిదండ్రులు పిల్లల్ని ముసలివాళ్ల దగ్గరో, చుట్టాల ఇంట్లోనో, హాస్టల్లోనో వదిలేవారు. గద్వాల, అలంపూర్ వైపు పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లల్నే పెట్టుకునేవారు. పండుగకు రెండు రోజుల కోసం వచ్చి మళ్లీ లారీ ఎక్కే అమ్మకు ఏ పిల్ల అయినా ఏం చెబుతుంది? చెబితే అమ్మ పోవడం మానేయాలి, మానేస్తే అప్పు తీరదు. ఆ లెక్క ఎనిమిదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది.

చెప్పినా వినే చట్టం ఉందా అంటే, చాలాకాలం లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో అత్యాచారం నిర్వచనం ఆడవాళ్లకే పరిమితమై ఉండేది. మగపిల్లలకు జరిగితే ప్రకృతి విరుద్ధ సంభోగం గురించిన 377 తప్ప వేరే సెక్షన్ ఉండేది కాదు. ఒంటి మీద చేయి వేసిన నేరం 354 కింద వచ్చేది. 2013 సవరణ దాకా దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లే. అంత చిన్న శిక్ష ఉన్న నేరానికి మూడేళ్లలోగా కోర్టు విచారణకు స్వీకరించాలన్నది మామూలు నియమం. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ గడువు పదకొండేళ్లకే అయిపోతుంది. ఆడ, మగ తేడా లేకుండా 18 ఏళ్ల లోపు వాళ్లందరికీ వర్తించేలా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా, పిల్ల ఉన్న చోటికే పోయి వాంగ్మూలం తీసుకోవాలన్నది అందులోనే వచ్చింది. చిన్నప్పటి నేరం మీద ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయొచ్చని 2018 అక్టోబర్‌లో కేంద్రం స్పష్టం చేసింది. కానీ పోక్సో రాకముందు జరిగినవాటికి పాత చట్టమే దిక్కు. 1990లలో బాల్యం గడిచిన మనిషి ఇవాళ నోరు విప్పితే చాలా సందర్భాల్లో శిక్ష పడేదాకా రాదు. కోర్టు దాకా పోలేని మాట పుస్తకంలోకి వస్తోంది. ‘కేసు పెట్టకుండా పుస్తకం రాయడం ఏంది’ అనే పాఠకులకు ఈ తేదీలు తెలిస్తే బాగుండేది.

అనుమానం మన ఒక్కరి జబ్బేం కాదు. 1874లో న్యూయార్క్‌లో మేరీ ఎలెన్ అనే పిల్లను పెంచినవాళ్ల దెబ్బల నుంచి తప్పించడానికి జంతు సంరక్షణ సంఘం పెట్టినాయన సాయం తీసుకోవాల్సి వచ్చింది. పిల్లల కోసం అలాంటి సంఘమే అప్పటికి లేదు. ఒంటి మీది గాయాలను చూసి ఇది పెద్దవాళ్లు కొట్టినదని గుర్తుపట్టాలని అమెరికా వైద్య పత్రికలో డాక్టర్లు రాసింది 1962లో. అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో తన చిన్నప్పటి అత్యాచారం గురించి 1969లో రాశారు. చెప్పిన తర్వాత ఆ నేరం చేసినవాడు హత్యకు గురైతే, తన మాటే అతన్ని చంపిందనుకుని ఆ పిల్ల దాదాపు ఐదేళ్లు మాట్లాడటమే మానేసింది. ఆ పుస్తకాన్ని బళ్ల నుంచి తీసేయాలని అక్కడి తల్లిదండ్రులు ఎన్నోసార్లు గొడవ చేశారు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అనేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు.

మన జిల్లాల్లో జనం కోపం ఎప్పుడు కట్టలు తెంచుకుంటుందో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 2018 జూలై చివర్లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పోలీసులు 11 మంది ఆడపిల్లలను విడిపించారు. త్వరగా ఎదగాలని వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని బయటపడింది. మరుసటి ఏడాది బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో పాడుబడ్డ బావుల్లో ముగ్గురు ఆడపిల్లల అవశేషాలు దొరికాయి. అందులో ఒక పాప 2015 నుంచి కనిపించడం లేదు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నిందితుడికి మరణశిక్ష వేసింది. రెండుసార్లూ జనం రోడ్డెక్కారు, అది న్యాయమే. అయితే పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. కేంద్రం 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దుర్మార్గుడు దగ్గరివాడు కాకపోతే ఊరు ఒక్కటవుతుంది. పుస్తకంలో వాడు మేనమామో, ట్యూషన్ సారో అయ్యేసరికి అదే పాఠకులు సాక్ష్యం అడుగుతారు.

ఇలాంటి పుస్తకం వచ్చాక సభలో వినపడని స్పందన ఒకటుంటుంది. ‘నాకూ ఇట్లనే జరిగింది’ అని రచయితకో, దగ్గరి టీచరుకో ఫోన్ చేసి చెప్పేవాళ్లు. విన్నవాళ్లు టెన్షన్ పడి, ఓదార్చి ఊరుకుంటారు. చెప్పినది ఇంకా 18 దాటని పిల్ల అయితే ఊరుకోవడం కుదరదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఇలాంటి బాధితులకు సాయం చేసే భరోసా కేంద్రానికి తీసుకుపోవచ్చు. చెప్పినది 18 దాటినవాళ్లు అయితే కేసు పెట్టాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదిలేయాలి. కానీ అప్పుడు కూడా ఒకటి అడగాలి, పాఠకుల్లో దాన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ: ఆ పని చేసినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, అతని చుట్టూ పిల్లలున్నారా?