పట్టా నంబర్ 1: డేనియల్ ఫ్రీమన్ కుటుంబం, మన అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో పాత భూమి కాగితాలు చదివి జనాలకి వంశవృక్షాలు కట్టిపెట్టే పని చేస్తా. ఇంటికి ఫోన్ చేసి చెప్తే "అదేం ఉద్యోగమే" అని నవ్వుతారు, కానీ అడంగల్, పహాణీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది, పని అదే, భాషే వేరు. నా దగ్గరికొచ్చే అమెరికన్లలో సగం మంది "మా ముత్తాత ఒక్కడే గుర్రమెక్కి పశ్చిమానికి వెళ్ళి..." అని మొదలుపెడతారు, అప్పుడు నేను డేనియల్ ఫ్రీమన్ ఫైలు కాపీ తీసి ముందు పెడతా. 1862 హోమ్‌స్టెడ్ చట్టం (అయిదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే ప్రభుత్వ భూమి రాసిచ్చే చట్టం) కింద దరఖాస్తు నంబర్ 1, పట్టా నంబర్ 1 రెండూ ఈయనవే. నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర (అక్కడోళ్ళు "యా" మీద ఒత్తి పలుకుతారు, మనం బీట్రిస్ అంటే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది) కబ్ క్రీక్ అనే వాగు పక్కన 160 ఎకరాలు.

అపోహ: సెట్లర్ (కొత్త నేల మీద స్థిరపడటానికి వెళ్ళినవాడు) అంటే తుపాకీ పట్టుకున్న ఒంటరి మగాడు.

1868 జనవరిలో ఫ్రీమన్ తరఫున ఇద్దరు పొరుగువాళ్ళు ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యం ఉంది, అందులో ఆయన గురించి రాసిన మొదటి సంగతుల్లోనే భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబ పెద్ద అని ఉంటుంది. చట్టమే అలా ఉంది, 21 ఏళ్ళు నిండాలి లేదా ఇంటి పెద్ద అయ్యుండాలి. ఇక ఆ భార్య ఎలా వచ్చింది అంటే అదో పెద్ద కథ. ఆగ్నెస్ సూటర్ అని అయోవాలో లెక్లేర్ ఊరి అమ్మాయి, అసలు ఈమెకి పెళ్ళి కుదిరింది డేనియల్ తమ్ముడు జేమ్స్‌తో, అతను సివిల్ వార్‌లో (అమెరికా అంతర్యుద్ధంలో) చనిపోయాడు, తర్వాత డేనియల్ ఈమెకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి చివరికి ఉత్తరంలోనే పెళ్ళి మాట అడిగాడు, 1865 ఫిబ్రవరి 8న అమ్మాయి పుట్టింట్లోనే పెళ్ళి. ఆయనకి అంతకు ముందే ఒక పెళ్ళి, పిల్లలు ఉన్నారు, ఆ సంగతి మాత్రం హీరో కథల్లో ఎవరూ ఎత్తరు. మన పెద్దోళ్ళ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఎన్ని లేవు, ఫోటో ఫ్రేములో ఒకరుంటారు, రికార్డులో ఇద్దరుంటారు.

అపోహ: 160 ఎకరాలు అంటే 160 ఎకరాల పంట.

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఆ సాక్ష్యం కాగితంలో ఏముందో చూడండి: ఇల్లు 14 అడుగులకి 20 అడుగులు, కొంత దుంగలతో కొంత చెక్కతో కట్టింది, రెండు తలుపులు, రెండు కిటికీలు, చెక్క పెంకుల కప్పు. ఒక పశువుల కొట్టం, 100 అడుగుల పొడవు గొర్రెల పాక, మొక్కజొన్న గాదె, 40 ఆపిల్ చెట్లు, దాదాపు 400 పీచ్ చెట్లు. దున్నింది మాత్రం ఓ 35 ఎకరాలు! అయిదేళ్ళలో అంతే. ఎద్దులతో ఆ గడ్డి నేల పగలగొట్టడం ఎంత కష్టమో ఆ ఒక్క అంకె చూస్తే చాలు, వేర్లు చాప అల్లినట్టు ఉండేవి. ఇల్లు లెక్కేస్తే 280 చదరపు అడుగులు, నలుగురికి. మా అపార్ట్‌మెంట్ హాలే అంతకంటే పెద్దది, అయినా చోటు లేదని రోజూ గొడవ.

ఒక మాట, సాక్ష్యం కదా అని ప్రతి అక్షరం నమ్మెయ్యకండి, పొరుగువాళ్ళు ఒకరికొకరు సాక్షులుగా నిలబడేవాళ్ళు, ఈరోజు నీకు నేను రేపు నాకు నువ్వు. మన పంచనామాల సంగతి తెలిసినవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

అపోహ: భూమి ఊరికే ఇచ్చేశారు.

మొత్తం ఫీజులు 18 డాలర్లు, నిజమే, తక్కువే. కానీ అయిదేళ్ళు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, సాగు చెయ్యాలి. ఎద్దులు, నాగలి, విత్తనాలు, బావి, మొదటి పంట వచ్చేదాకా తిండి, ఇవన్నీ ఎవరిస్తారు? డబ్బున్నోళ్ళు ఆరు నెలలుండి ఎకరానికి డాలరుంపావు కట్టేసి ముందే పట్టా తీసుకునే దారి కూడా చట్టంలో ఉంది. చట్టం నడిచినన్నాళ్ళూ కలిపి 16 లక్షల దాకా పట్టాలు వచ్చాయి, 27 కోట్ల ఎకరాలు, కానీ దరఖాస్తులు అంతకంటే చాలా ఎక్కువ, అంటే మధ్యలో వదిలేసి పోయినవాళ్ళు లక్షల్లో. 1874లో మిడతల దండు వచ్చి కాన్సాస్, నెబ్రాస్కాల్లో పంటలే కాదు పనిముట్ల చెక్క పిడులు కూడా కొరికేసింది, అలాంటి ఏడాది తర్వాత పెట్టే బేడా సర్దుకుని వెనక్కి పోయిన కుటుంబాలు ఎన్నో. అందుకే పట్టా దొరకలేదు అనగానే ఊరుకోకండి, రద్దయిన దరఖాస్తుల ఫైళ్ళు కూడా అడగండి, నాకు మంచి కథలు దొరికేది అక్కడే.

అపోహ: అందరూ దుంగల ఇళ్ళల్లోనే ఉండేవాళ్ళు.

ఫ్రీమన్‌కి వాగు పక్కన చెట్లున్నాయి కాబట్టి దుంగలు దొరికాయి. ఇంకా పడమటికి పోతే చెట్టే లేదు, గడ్డి నేలనే వేర్లతో సహా ఇటుకల్లా కోసి పేర్చి గోడలు కట్టేవాళ్ళు, వానొస్తే లోపల బురద కారేది. కట్టెలూ లేవు కాబట్టి ఎండిన బైసన్ పేడ, తర్వాత తర్వాత ఆవు పేడ ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టేవాళ్ళు. ఇది చెప్తే ఇక్కడోళ్ళు ముక్కు చిట్లిస్తారు, నేను మాత్రం మా అమ్మమ్మ గోడకి కొట్టిన పిడకలు గుర్తొచ్చి నవ్వుకుంటా.

అపోహ: అందరూ తెల్లవాళ్ళే, పట్టాలు మగవాళ్ళకే.

పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు, విడాకులైనవాళ్ళు సొంత పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నారు కూడా. మొగుడున్న ఆడదానికే మామూలుగా కుదిరేది కాదు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరే కట్టుకున్నాయి. వేరుశనగ మీద పనిచేసిన శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ కూడా 1886లో కాన్సాస్ నెస్ కౌంటీలో 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టి గడ్డి ఇటుకల ఇల్లు కట్టుకుని రెండేళ్ళుండి వెళ్ళిపోయాడు.

అపోహ: అది ఎవరిదీ కాని ఖాళీ భూమి.

ఇది చాలా మందికి నచ్చదు గానీ చెప్పాలి. ఫ్రీమన్ భూమి ఉన్న ప్రాంతం ఓటో-మిసోరియా అనే ఆదివాసీ జనాలది, 1854 ఒప్పందంలో వాళ్ళ దగ్గర రాయించుకున్నారు, వాళ్ళకి మిగిల్చింది బిగ్ బ్లూ నది మీద ఒక చిన్న రిజర్వేషన్, అంటే వాళ్ళకని విడిగా కేటాయించిన నేల. అది కూడా నిలవలేదు, 1881లో వాళ్ళని ఇప్పటి ఓక్లహోమాకి తరలించారు. అంటే ఫ్రీమన్ పీచ్ తోట కాపు కాసే రోజుల్లో ఆ పక్కనే వాళ్ళు ఇంకా ఉన్నారు. పట్టాలో ఆ పేరు ఉండదు, సెక్షన్ 26, టౌన్‌షిప్ 4 ఉత్తరం, రేంజ్ 5 తూర్పు అని సర్వే గీతలే ఉంటాయి, ఆ గీతలు గీయకముందు ఎవరున్నారో వెతకాలంటే ఒప్పందాల కాగితాలు తియ్యాలి.

అపోహ: 1863 జనవరి 1 అర్ధరాత్రి 12 దాటగానే క్లర్కుని లేపి దరఖాస్తు పెట్టాడు.

బ్రౌన్‌విల్ ల్యాండ్ ఆఫీసు, నూతన సంవత్సరం పార్టీ, సైన్యానికి తిరిగి వెళ్ళాల్సిన తొందర, బాగుంటుంది కథ. కాగితం చెప్పేది తేదీ, నంబరు, అంతే, గడియారం లేదు. అదే రోజు వేరే ల్యాండ్ ఆఫీసుల్లో కూడా జనం పెట్టారు.

అపోహ: సెట్లర్లందరూ బైబిలు పట్టుకున్న నోరులేని సాధువులు.

ఫ్రీమన్ వయసు మీద పడ్డాక ఊరి బడి మీదే కోర్టుకెళ్ళాడు. బళ్ళో టీచరు పిల్లలతో బైబిలు చదివించి ప్రార్థనలు చేయిస్తోందని అడిగితే స్కూల్ బోర్డు వినలేదు, కింది కోర్టులో ఓడిపోయాడు, వదల్లేదు, 1902లో నెబ్రాస్కా సుప్రీం కోర్టు ఈయన వైపే తీర్పిచ్చింది. దేశం మొత్తానికి అమెరికా సుప్రీం కోర్టు ఇలాంటి మాట చెప్పింది 1963లో. 1908 డిసెంబర్‌లో చనిపోయాడు, ఆ భూమిలోనే పూడ్చారు. ఆగ్నెస్ ఇంకో 22 ఏళ్ళు పైనే బతికింది, 1931లో పోయింది, ఆమె పోయిన అయిదేళ్ళకి కాంగ్రెస్ ఆ పొలాన్ని జాతీయ స్మారకం చేసింది. ఎప్పుడైనా నెబ్రాస్కా వైపు డ్రైవ్ చేస్తే ఆగండి, లింకన్ నుంచి గంట కూడా పట్టదు, ఇటుకల బడి కూడా అలాగే ఉంది.