మీల్ మేకర్, మొక్కల మాంసం: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. శ్రావణం, కార్తీకం, ఆ వెంటే అయ్యప్ప మాలలు. ఈ నెలల్లో నీసు ముట్టని ఇళ్లు పెరుగుతాయి, మీల్ మేకర్ (సోయా ముక్కలు) గురించిన ప్రశ్నలూ పెరుగుతాయి. ఇప్పుడు సూపర్ మార్కెట్ ఫ్రీజర్లలో మొక్కల మాంసంతో (సోయా, బఠాణీల ప్రోటీన్‌తో మాంసంలా తయారుచేసింది) చేసిన నగ్గెట్లు, కబాబ్‌లు, సాసేజ్‌లు కూడా కనిపిస్తున్నాయి. "మేడం, ఇవి మంచివేనా?" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఏది మానేసి ఇవి తింటున్నారు?

అపోహ: మీల్ మేకర్‌లో మటన్ కంటే రెండు మూడు రెట్లు ప్రోటీన్ ఉంటుంది.

ప్యాకెట్ మీద 100 గ్రాములకు 52 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు, కానీ అది ఎండు ముక్కల లెక్క. వేడినీళ్లలో వేస్తే అవి తమ బరువుకు రెండింతలకు పైగా నీళ్లు పీల్చుకుంటాయి. నానబెట్టి పిండిన ముక్కల్ని తూచి చూస్తే 100 గ్రాములకు ప్రోటీన్ 15 నుంచి 17 గ్రాములే. పచ్చి మటన్‌లో 18 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఇంచుమించు సమానం, ఇంకా కాస్త తక్కువే.

అలాగని తీసిపారేయాల్సింది కాదు. శరీరానికి బయటినుంచి అందాల్సిన అమైనో ఆమ్లాలన్నీ సోయాలో ఉన్నాయి, కొవ్వు చాలా తక్కువ. మనిషికి 25–30 గ్రాముల ఎండు ముక్కలు వండుకుంటే 13–15 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, రెండు గుడ్లకు కొంచెం ఎక్కువే. దావత్‌లో మీల్ మేకర్ బిర్యానీ తిని ఆ రోజుకు ప్రోటీన్ సరిపోయిందనుకునేవారు మాత్రం ప్లేట్లో ఎన్ని ముక్కలు పడ్డాయో ఒకసారి చూసుకోండి.

అపోహ: ఫ్యాక్టరీలో చేసిందంతా విషం. ఇంకో అపోహ: మొక్కల నుంచి వచ్చిందంతా ఆరోగ్యం.

చాలాసార్లు ఈ రెండూ ఒకే ఇంటి నుంచి వస్తాయి. ఒకటి భార్య మాట, రెండోది భర్త మాట. ఇద్దరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

మీల్ మేకర్ తయారీ సులువే. సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలిన పిండిని నీళ్లు, వేడి, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టి, ముక్కలు చేసి ఆరబెడతారు. మామూలు ముక్కల్లో ఉప్పు కలపరు. ఫ్రీజర్లో దొరికే రకాల కథ వేరు. వాటిలో సోయా లేదా బఠాణీల నుంచి వేరుచేసిన ప్రోటీన్‌కు నూనె (కొన్నిట్లో కొబ్బరి నూనె), ముక్క విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాలు, వాసనలు, ఉప్పు కలుపుతారు. ఆహారాన్ని తయారీ విధానాన్ని బట్టి విడదీసే నోవా వర్గీకరణలో ఇవి నాలుగో గుంపులోకి, అంటే అల్ట్రా ప్రాసెస్డ్‌లోకి వస్తాయి. ఆ గుంపును తగ్గించుకోమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

నాకు ఇక్కడ ప్రాసెసింగ్ కంటే ఉప్పు దగ్గరే భయం ఎక్కువ. ప్యాకెట్ వెనక సోడియం ఎంతుందో చూసి దాన్ని రెండున్నరతో హెచ్చించండి, ఉప్పు లెక్క వస్తుంది. 500 మిల్లీగ్రాముల సోడియం అంటే 1.25 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దంటారు కదా, పావు వంతు ఒక్క స్నాక్‌తోనే అయిపోయింది. అన్నంలోకి మామిడికాయ తొక్కు ఎలాగూ ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఈ ఒక్క అంకె చూడకుండా కొనొద్దు.

అపోహ: విదేశీ అధ్యయనంలో మంచిదని తేలింది, కాబట్టి అందరికీ మంచిదే.

2020లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం ఇచ్చి పోల్చారు. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గింది. ఆ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది ఆ ఉత్పత్తులు తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీయే. అంతమాత్రాన ఫలితం తప్పని అనను. కానీ వాళ్లు పోల్చింది మాంసంతో, పప్పుతో కాదు.

మన దగ్గర తేడా అక్కడే వస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువుండి, వారంలో మూడుసార్లు యాట కూర తినేవారు అందులో రెండుసార్లు మీల్ మేకర్ కూరకు మారితే మేలే. జొన్నరొట్టె, కందిపప్పు, ఉలవచారు, బొబ్బెర్ల గుడాలు తినే ఇంట్లో వాటిని పక్కనపెట్టి పిల్లలకు వేయించిన నగ్గెట్లు పెడితే ఉప్పు, నూనె, ఖర్చు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ప్రోటీన్‌తో పాటు పీచు కూడా ఇచ్చే ఆ గింజలు మన పల్లెల్లోనే పండుతున్నాయి.

అపోహ: సోయా తింటే మగవాళ్లలో హార్మోన్లు తగ్గిపోతాయి.

జిమ్ కుర్రాళ్ల టెన్షన్ ఇది. చాలా అధ్యయనాల్ని కలిపి 2010లో ఒకసారి, 2021లో మరోసారి చూశారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గలేదు. నిశ్చింతగా తినండి.

అపోహ: మాంసం బదులు ఇది తింటే బీ12, ఐరన్ అన్నీ వచ్చేస్తాయి.

బీ12 రాదు. తయారీలో విడిగా కలిపితేనే ఉంటుంది, లేబుల్ చూడాలి. మామూలుగా మాంసాహారం తినేవారు మండలం రోజులు మాలలో ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు, కాలేయంలో నిల్వ ఉంటుంది. ఏళ్ల తరబడి నీసు తినని వాళ్లు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు మాత్రం రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇక ఐరన్ లేబుల్ మీద కనిపించినంత ఒంటికి పట్టదు. కూర మీద నిమ్మకాయ పిండుకోండి, తిన్న వెంటనే చాయ్ తాగకండి.

థైరాయిడ్ ఉన్నవాళ్లు సోయా మానేయక్కర్లేదు. అయితే పొద్దున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడగలదు కాబట్టి, మధ్యలో మూడు నాలుగు గంటలు ఆగండి. సోయా, గోధుమ పడనివాళ్లు ఈ ప్యాకెట్ల జోలికి వెళ్లేముందు పదార్థాల జాబితా మొత్తం చదవాలి. కిడ్నీ సమస్య ఉన్నవారికి ప్రోటీన్ ఎంత ఇవ్వాలన్నది మనిషిని బట్టి మారుతుంది, అందుకే రిపోర్టులు చూడకుండా మీల్ మేకర్‌కు కూడా నేను సరే అనను. పదార్థాల జాబితాలో ఫాస్ఫేట్ అన్న మాట ఎక్కడ కనిపించినా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ ప్యాకెట్‌ను మళ్లీ ఫ్రీజర్లోనే పెట్టేయాలి.